మన చూరు కింది పిచ్చుక

పిచ్చుకను చూడని వారు మనలో ఎవరూ ఉండరు. కానీ ఏది మగది, ఏది ఆడది అని అడిగితే చాలామంది తడుముకుంటారు. అక్కలారా, ఈసారి బియ్యం చెరిగేటప్పుడు పిచ్చుకలు వాలితే తోలకండి. చేట పక్కన పెట్టి కాసేపు చూడండి.

గొంతు కింద కాటుక పూసినట్టు నల్లగా ఉంటే అది మగ పిచ్చుక. ఆ నలుపు రొమ్ము దాకా దిగుతుంది. నెత్తి బూడిద రంగు. కంటి వెనక నుంచి మెడ దాకా చింతగింజ రంగు. బుగ్గలు తెల్లగా ఉంటాయి. ఆడ పిచ్చుకకు గొంతు కింద నలుపు ఉండదు. ఒళ్లంతా మట్టి రంగే. కంటి వెనక లేత రంగు గీత ఒకటి ఉంటుంది.

గిజిగాడిని చూసి కొందరు పిచ్చుక అనుకుంటారు. వానాకాలంలో మగ గిజిగాడి నెత్తి పసుపు పూసినట్టు ఉంటుంది. మిగతా రోజుల్లో అది కూడా ఆడ పిచ్చుకలాగే కనిపిస్తుంది. అప్పుడు గూడును బట్టి తెలుసుకోవాలి. గిజిగాడి గూడు ఈత చెట్టుకో, తుమ్మ కొమ్మకో సొరకాయలా వేలాడుతుంది. పిచ్చుకకు ఆ నేతపని రాదు. చూరులోనో, గోడ కన్నంలోనో గడ్డి, దూది, ఈకలు కుక్కుతుంది. అంతే, గూడు అయిపోయింది!

గోడ అద్దాన్ని పిచ్చుక ముక్కుతో టకటకా పొడవడం చూశారా? దానికి పిచ్చి పట్టలేదు. అద్దంలో ఉన్నది ఇంకో మగ పిచ్చుక అనుకుంటుంది. తన గూటి దగ్గరికి వచ్చిందని పోట్లాడుతుంది. అద్దం మీద గుడ్డ కప్పితే ఊరుకుంటుంది.

ఆడ పిచ్చుక 3 నుంచి 5 గుడ్లు పెడుతుంది. సుమారు రెండు వారాలకు పిల్లలు బయటికి వస్తాయి. ఇంకో రెండు వారాలు గూట్లోనే ఉంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ తిండి తెచ్చి పెడతారు.

మా చదువు కేంద్రంలో ఒక అక్క నన్ను నిలదీసింది. "జొన్న పాలు పట్టగానే పిట్టలు వాలతాయి. మేము మంచె ఎక్కి వడిసెల తిప్పలేక చస్తున్నాం. వాటిని ప్రేమగా చూడమంటావేం సారూ?" అంది. న్యాయమైన ప్రశ్నే. పిచ్చుక గింజలు తింటుంది. కాదనలేం. అయితే గూట్లో పిల్లలకు ఏం పెడుతుంది? గట్టి గింజలు చిన్న పిల్లలకు అరగవు. అందుకే ఆకులు తినే పురుగులు, మిడతలు, సాలెపురుగులు ఏరుకొస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. మనం కూలి ఇవ్వని కూలీ అన్నమాట.

చైనా దేశం ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుంది. 1958లో అక్కడి ప్రభుత్వం ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకలను కూడా చంపమంది. గింజలు తింటున్నాయని దాని కోపం. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. జనం డప్పులు, పళ్లేలు మోగించి వాటిని ఎక్కడా వాలనివ్వలేదు. అలసిపోయి నేలరాలాయి. ఆ పిచ్చుకలు మన ఊరపిచ్చుకకు దగ్గర చుట్టాలు. పిట్టలు పోయాక పొలాల్లో మిడతలు, పురుగులు పెరిగాయి. అప్పుడే పెద్ద కరువు వచ్చింది. కోట్లమంది చనిపోయారు. కరువుకు వేరే పెద్ద కారణాలూ ఉన్నాయి. ఇదీ ఒకటి. 1960లో పిచ్చుక పేరు కొట్టేసి, నల్లుల పేరు రాసుకున్నారు.

మన దేశంలో ఊళ్లలో పిచ్చుకలు బాగానే ఉన్నాయి. హైదరాబాదు వంటి పెద్ద నగరాల్లో తగ్గాయి. సెల్ టవర్ల వల్లే చచ్చిపోతున్నాయని చాలామంది అంటారు. దానికి గట్టి రుజువు దొరకలేదు. సిమెంటు మేడకు చూరు ఉండదు, కన్నం ఉండదు. గూడు ఎక్కడ పెట్టాలి? పురుగుమందులు కొట్టిన చోట పిల్లలకు పురుగులు దొరకవు.

మీది కొత్త డాబా అయితే పాత కుండ ఒకటి తీసుకోండి. రెండు వేళ్ల వెడల్పున కన్నం చేయండి. పైన మూత గట్టిగా బిగించండి. ఎండ తగలని చోట, పిల్లికి అందని ఎత్తున కట్టండి. ఫ్యాను దగ్గర మాత్రం వద్దు. కోతలప్పుడు వరి కంకుల కుచ్చు గుమ్మానికి కట్టడం మన పెద్దల అలవాటే. మందు కలిపిన విత్తనాలను వాకిట్లో ఆరబోయకండి. పిచ్చుకలే కాదు, కోళ్లూ తింటాయి, పసిపిల్లలూ నోట్లో పెట్టుకుంటారు.

ఈకలు రాని పిల్ల గూట్లోంచి కింద పడితే ఏం చేయాలి? మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదని అంటారు. అది నిజం కాదు. మెల్లగా తీసి గూట్లో పెట్టండి. కాస్త దూరంగా వెళ్లండి. తల్లి పురుగు పట్టుకుని వస్తుంది.