ఆటల పోటీల్లో జనగణమన.. మైక్‌లో ఎలా అనౌన్స్ చేయాలి? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

సంక్రాంతి వస్తోందంటే చాలు.. మచిలీపట్నం, గుడివాడ నుంచి దివిసీమ లంకల దాకా గ్రౌండ్లన్నీ బిజీ. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్.. ఏ పోటీ అయినా ప్రారంభోత్సవంలో జనగణమన ఉండాల్సిందే. ముఖ్య అతిథి వేదిక ఎక్కగానే మైక్ పట్టుకున్న కుర్రాడు "ఇప్పుడు జాతీయ గీతం" అంటాడు. ఆ మాట పూర్తి కాకముందే స్పీకర్‌లో పాట మొదలైపోతుంది. సగం మంది లేస్తారు, మిగతా సగం కుర్చీలు సర్దుకుంటూ ఉంటారు. జట్లు ఇంకా లైన్‌లోకే రావు. తర్వాత ఎవరో వీడియో పెట్టి "జాతీయ గీతానికి అవమానం" అంటారు. అక్కడి నుంచి అసలు రచ్చ మొదలవుతుంది.

మరి తప్పు ఎవరిది? చాలాసార్లు జనానిది కాదు. అనౌన్స్‌మెంట్‌ది!

జాతీయ గీతంపై కేంద్ర హోంశాఖ ఉత్తర్వులు ఈ విషయం ముందే ఆలోచించాయి. బ్యాండ్ వాయించేటప్పుడు గీతానికి ముందు డ్రమ్స్ మోగించాలి. జనానికి "ఇక లేవండి" అని తెలియడానికే ఇది. ఎంతసేపు అనేదీ రాసి ఉంది. స్లో మార్చ్‌లో ఏడు అడుగులు వేసేంత సేపు. మెల్లగా మొదలై, బాగా పెరిగి, మళ్లీ తగ్గాలి. ఆ తర్వాత ఒక బీట్ విరామం ఇచ్చి అప్పుడు గీతం అందుకోవాలి. అంటే పిలుపుకీ, పాటకీ మధ్య గ్యాప్ అనేది రూల్‌లోనే ఉందన్నమాట.

అవనిగడ్డలోనో, నాగాయలంకలోనో టోర్నమెంట్‌కు మిలటరీ బ్యాండ్ ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ డ్రమ్స్ పని చేయాల్సింది మైకే. ముందు ఆటగాళ్లు, రిఫరీలు లైన్‌లో నిలబడ్డారో లేదో చూసుకోవాలి. "జాతీయ గీతం కోసం దయచేసి అందరూ లేచి నిలబడండి" అని స్పష్టంగా చెప్పాలి. కొన్ని సెకన్లు ఆగాలి. ఆ తర్వాతే మొదలుపెట్టాలి. మధ్యలో స్పాన్సర్ల పేర్లు, నాయకుల బిరుదులు చదవకూడదు (మన దగ్గర ఇదే కష్టం!). ఫోన్‌లో ఆన్‌లైన్ వీడియో ప్లే చేస్తే ముందు యాడ్ రావొచ్చు, మధ్యలో కాల్ రావొచ్చు. ఆడియో ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవడం బెటర్. అన్నిటికన్నా మంచిది నలుగురు పిల్లలతో పాడించడం.

పూర్తి గీతం నిడివి సుమారు 52 సెకన్లు. మొదటి, చివరి పంక్తులతో ఉండే షార్ట్ వెర్షన్ 20 సెకన్లే. అయితే జెండా ఎగరేసి అందరూ కలిసి పాడితే పూర్తి గీతమే పాడాలి. జాతీయ జెండాకు రూపమిచ్చిన పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమర్రు ఈ ప్రాంతంలోదే కాబట్టి ఇక్కడ జెండా లేని ప్రారంభోత్సవం అరుదు.

ఊరి టోర్నమెంట్‌లో జనగణమన తప్పనిసరి అని మాత్రం ఆ ఉత్తర్వుల్లో ఎక్కడా లేదు. గౌరవంగా, పద్ధతిగా పాడితే అభ్యంతరం లేదన్నదే దాని సారాంశం.

మరి లేవకపోతే జైలేనా? 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం ప్రకారం.. కావాలని గీతాన్ని అడ్డుకున్నా, పాడుతున్న సభలో గొడవ చేసినా మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. "కావాలని" అన్నదే ఇక్కడ కీలకం. పాట ఎప్పుడు మొదలైందో తెలియక కూర్చుండిపోయిన పెద్దాయనకు ఇది వర్తించదు. గౌరవంగా నిలబడి, పాడకుండా ఉన్నా నేరం కాదని 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లేవలేని దివ్యాంగులను నిలబడమని బలవంతం చేయకూడదు. పక్కవాళ్లు తిట్టడం, చేయి చేసుకోవడం అసలే కుదరదు.

పెద్ద స్టేడియాల్లోనూ పొరపాట్లు తప్పలేదు. 2025 ఫిబ్రవరిలో లాహోర్‌లో ఆస్ట్రేలియా-ఇంగ్లండ్ చాంపియన్స్ ట్రోఫీ మ్యాచ్‌కు ముందు ఆస్ట్రేలియా గీతం బదులు కొన్ని క్షణాలు జనగణమన వినిపించింది. 2012లో కువైట్‌లో అయితే మరీ ఘోరం. స్వర్ణం గెలిచిన కజకిస్థాన్ షూటర్ పోడియంపై నిలబడితే.. ఆ దేశ గీతం బదులు ఓ కామెడీ సినిమాలోని పేరడీ పాట వేశారు! ఆమె ఛాతీపై చేయి పెట్టుకుని చివరిదాకా అలాగే నిలబడింది. తర్వాత నిర్వాహకులు క్షమాపణ చెప్పి, కార్యక్రమం మళ్లీ జరిపారు.

ఒలింపిక్స్‌లో గీతం వినిపించేది స్వర్ణ విజేతకే. 2000 సిడ్నీలో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిస్తే మన జెండా ఎగిరింది కానీ జనగణమన మోగలేదు. వ్యక్తిగత స్వర్ణంతో ఆ ముచ్చట తొలిసారి తీర్చింది 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా.

ఊళ్లో పోటీలు పెట్టేవాళ్లకు చివరిగా ఇంకో మాట. గీతం అయిపోయిన వెంటనే డీజే పెట్టేయకండి. జట్లు లైన్ నుంచి కదిలాక, టాస్‌కు పిలవండి.