మనస్తత్వ శాస్త్రం – ప్రజారోగ్యం: రెండు చదువుల కలయిక

మందు కనుగొనడం ఒక ఎత్తు. దానిని మనిషి నమ్మి పుచ్చుకొనేటట్లు చేయడం మరొక ఎత్తు. ఈ రెండవ పనికి మనస్తత్వ శాస్త్రం, ప్రజారోగ్య శాస్త్రం చేతులు కలపవలసి ఉన్నది. మొదటిది వ్యక్తి భయాలను, నమ్మకాలను, అలవాట్లను పరిశీలిస్తుంది. రెండవది జనసమూహంలో ఏ వ్యాధి ఎక్కడ, ఎవరికి, ఎందుకు ఎక్కువగా వస్తున్నదో లెక్క కడుతుంది.

ఈ కలయిక కొత్తది కాదు. క్షయను ముందుగా గుర్తించడానికి అమెరికాలో ఉచితంగా ఛాతీ ఎక్స్‌రే తీసే ఏర్పాటు ఉన్నా చాలామంది రాలేదు. కారణమేమిటని ఆ దేశపు ప్రజారోగ్య శాఖలోని మనస్తత్వవేత్తలు పరిశోధించారు. తనకూ ఆ వ్యాధి రావచ్చుననీ, ముందుగా తెలిస్తే మేలనీ నమ్మినవారే ఎక్కువగా పరీక్షకు వచ్చారని గాడ్‌ఫ్రీ హాక్‌బామ్ 1958లో ప్రకటించాడు. ఆరోగ్య విశ్వాస నమూనా అనే సిద్ధాంతానికి అదే పునాది.

మన దేశంలో పోలియో చరిత్ర ఇంతకంటె గొప్ప పాఠం. 2002లో నమోదైన 1,600 కేసులలో అధికభాగం ఉత్తరప్రదేశ్‌వే. చుక్కలు వేయిస్తే పిల్లలకు ముందుముందు సంతానం కలగదనే వదంతి వ్యాపించి, పశ్చిమ జిల్లాలలో అనేక ముస్లిం కుటుంబాలు తలుపులు మూసుకొన్నాయి. దీనిని కేవలం అజ్ఞానమనడం న్యాయం కాదు. జ్వరానికి మందు దొరకని వాడకు ఈ చుక్కలు మాత్రం పదేపదే ఎందుకు వస్తున్నాయన్నది వారి సందేహం. అప్పుడు ఆ వాడల స్త్రీలే కార్యకర్తలై ఇల్లిల్లూ తిరిగారు. ఉలేమాలు మసీదులనుండి నచ్చచెప్పారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా తోడ్పడ్డాయి. 2011 జనవరిలో హౌరా జిల్లాలో కనిపించిన కేసే చివరిది. 2014 మార్చి 27న భారతదేశం పోలియోరహితమని ధ్రువీకరణ లభించింది. మందు ముందునుంచీ ఉన్నదే. తరువాత కుదిరినది నమ్మకం.

ఈ మార్గం కోరే విద్యార్థి ఏమి చదవాలి? కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలలో రెండు పట్టాలనూ కలిపి చదివే వీలున్నది. మన దేశంలో సాధారణంగా ఒకదాని తరువాత ఒకటి చదవవలసి ఉంటుంది. ప్రజారోగ్యంలో రెండేళ్ళ స్నాతకోత్తర విద్యకు అనేక సంస్థలు వైద్యేతర పట్టభద్రులను కూడా చేర్చుకొంటాయి. అందులో వ్యాధి వ్యాప్తి శాస్త్రం, గణాంక శాస్త్రం ముఖ్యమైనవి. కనుక లెక్కలంటే జంకు పనికిరాదు. మానసిక రోగులకు చికిత్స చేయదలచినవారికి మాత్రం ఈ రెండు పట్టాలే చాలవు. దానికి తగిన ప్రత్యేక శిక్షణ, భారత పునరావాస మండలిలో నమోదు వేరుగా కావాలి.

ఉర్దూ, తెలుగు రెండూ ఎరిగిన మన విద్యార్థులకు ఈ రంగంలో సహజమైన బలం ఉన్నది. భయాన్ని మనిషి తన ఇంటి భాషలోనే చెప్పుకొంటాడు. ఆ భాషలో వినగలిగినవాడే దానిని తొలగించగలడు. మన కళాశాల సంఘం వారు ఈ శాస్త్రాల గ్రంథాలను సమకూర్చి, చుట్టుపక్కల బస్తీలలో ఆరోగ్య పరిశీలనకు విద్యార్థులను పంపగలిగితే, ఆ చదువుకు ఇక్కడే శ్రీకారం చుట్టినట్లవుతుంది.