వేలాడే బుట్టలకు ఎండదెబ్బ

మాది కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు, పడమటి బాల్కనీ. "ఆంటీ, మొన్న తెచ్చిన పెటూనియా అప్పుడే మాడిపోయింది, నీళ్లు చాలలేదంటారా?" అని పక్క ఫ్లాట్ల పిల్లలు అడుగుతుంటారు. ముందు ఆకు చూపించమంటాను. పైవరసలో, అదీ ఎండ తగిలే వైపే, ఆకుల మీద మచ్చలు తెల్లగా పాలిపోయి కాగితంలా ఎండితే అది ఎండదెబ్బ. ఆకులన్నీ వాలిపోయి, నీళ్లు పోశాక తేరుకుంటే దాహం. సన్నటి పసుపు చుక్కలు, ఆకు అడుగున పల్చటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి. మూడింటికీ నీళ్లే మందనుకుంటే మొక్క దక్కదు.

పెటూనియా నిజానికి ఎండ కోరే మొక్కే. చిక్కంతా హఠాత్తుగా ఎండలో పెట్టడంతోనే. నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగిన ఆకు, ఉన్న కాస్త వెలుతురునూ పట్టుకోవడానికి పలచగా, వెడల్పుగా తయారవుతుంది. దాన్ని ఒక్కసారిగా ఎండలో వేలాడదీస్తే అంత వెలుతురునూ వాడుకోలేదు. వాడుకోలేనిది పత్రహరితాన్నే దెబ్బతీస్తుంది. మాడిన చోట మళ్లీ పచ్చదనం రాదు, కొత్త ఆకుల కోసం ఆగాల్సిందే. ఆ దశలో ఎరువు వేయకండి.

అందుకే తెచ్చిన మొక్కను మూడు రోజులు వెలుతురున్న నీడలో ఉంచాలి. తర్వాత పొద్దుటి ఎండ ఒక గంట, ఇంకో రెండు రోజులకు రెండు గంటలు, అలా పెంచుతూ పోతే పది రోజులకు అలవాటు పడుతుంది. ఇంపేషెన్స్‌కు మాత్రం ఎన్నాళ్లు అలవాటు చేసినా మన మధ్యాహ్నపు ఎండ పడదు.

పడమటి బాల్కనీలో చాలామంది నెట్‌ను పైన కడతారు. పైన శ్లాబు ఉండనే ఉంది కదా! మూడు దాటాక ఎండ ఏటవాలుగా లోపలికి దూరుతుంది. యాభై శాతం నెట్‌ను గ్రిల్‌కు తెరలా నిలువునా కట్టాలి, బుట్టకు ఆనకుండా. పాత నూలు పంచె కట్టినా పని జరుగుతుంది, నాకైతే అదే ఇష్టం.

నేలలో మొక్కకు లేని బాధ బుట్టలో మొక్కకు ఉంది. మట్టి కొంచెమే, గాలి నాలుగు వైపులా తగులుతుంది, నల్ల ప్లాస్టిక్ అయితే వేళ్లు కూడా ఉడుకుతాయి. పైగా బుట్టలో మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని వెంటనే పీల్చదు. పోసిందంతా అంచుల వెంట జారి కింది ఫ్లాటువాళ్ల బట్టల మీద పడుతుంది, తర్వాత తగాదా! బుట్టను బకెట్ నీళ్లలో అరగంట ముంచండి, బుడగలు ఆగేదాకా.

ఎండలో నీళ్లు పోస్తే చుక్కలు భూతద్దంలా ఆకును కాలుస్తాయంటారు. 2010లో హంగరీ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, నున్నటి ఆకుల మీద అలాంటిదేమీ జరగలేదు. చుక్కను ఆకుకు ఎత్తుగా పట్టి ఉంచే నూగుంటేనే ఆ అవకాశం. పొద్దున్నే పోయడం మేలే, కానీ మధ్యాహ్నం మొక్క వాడిపోతుంటే సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. మొక్క మొదట్లోనే పోయండి.

రథసప్తమి దాటితే మన ఎండ ముదురుతుంది. ఏప్రిల్లో పడమటి బాల్కనీలో పెటూనియాను నిలబెట్టాలని చూడటం దండగ. ఆ బుట్టల్లో గడ్డిగులాబీ, బిళ్లగన్నేరు పెట్టుకోండి. ఈసారి నర్సరీకి వెళ్తే, నెట్ కింద కళకళలాడే మొక్కను కాకుండా బయట ఎండలో పెరిగిన గట్టి మొక్కను అడిగి తీసుకోండి, పూలు తక్కువున్నా సరే.