చిన్న ప్లగ్గు – పెద్ద బరువు

పాఠ్య పరిచయం: శాస్త్ర విషయాలను తేలిక మాటల్లో వివరించే రచనను విజ్ఞాన వ్యాసం అంటారు. ఓమ్, జౌల్ నియమాలు ప్రయోగశాలకే పరిమితం కావు. కంప్యూటరులోని ఒక చిన్న ప్లగ్గు మంచిచెడ్డలను కూడా అవే నిర్ణయిస్తాయని ఈ వ్యాసం తెలుపుతుంది.

గోడకున్న సాకెట్టులో ఇస్త్రీపెట్టె ప్లగ్గు వదులుగా ఉంటే కొద్దిసేపటికి అది వేడెక్కుతుంది. ఒక్కొక్కప్పుడు చిటపటమని శబ్దం కూడా వస్తుంది. కొన్నాళ్ళకు సాకెట్టు రంధ్రాల చుట్టూ నల్లటి మచ్చ ఏర్పడుతుంది. తీగ బాగానే ఉంటుంది, ఇస్త్రీపెట్టె బాగానే ఉంటుంది. కాలేది మాత్రం ఆ రెండింటినీ కలిపే చోటు. విద్యుత్తు విషయంలో అతుకు దగ్గరే అసలు పరీక్ష. 2022లో కంప్యూటర్లు వాడేవారిని కలవరపెట్టిన ఒక చిన్న ప్లగ్గు కథ కూడా ఇలాంటిదే.

కంప్యూటరు తెరపై కనిపించే ప్రతి బొమ్మా లక్షలాది చుక్కల కూర్పు. ఏ చుక్క ఏ రంగులో వెలగాలో క్షణక్షణమూ లెక్కకట్టే పరికరమే గ్రాఫిక్స్ కార్డు. పెద్ద కార్డులలో వేలకొద్దీ గణన విభాగాలు ఒకేసారి పనిచేస్తాయి. ముఖ్యంగా ఆటల కోసం పెరిగిన ఈ కార్డులు క్రమంగా సినిమాలలోని మాయాదృశ్యాలకూ, శాస్త్ర పరిశోధనలకూ, కృత్రిమ మేధకూ ఆధారమయ్యాయి. పని పెరిగినకొద్దీ కార్డు ఆకలీ పెరిగింది. దాని ఆహారం విద్యుత్తు.

తొలిరోజుల్లో కార్డుకు కావలసిన విద్యుత్తు, దానిని అమర్చిన మదర్‌బోర్డు గాడి నుంచే అందేది. 2004 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ గాడి 75 వాట్ల వరకు ఇవ్వగలదు. అంతకు మించి కావలసిన కార్డులకు పవర్ సప్లై పెట్టె నుంచి విడిగా తీగలు తెచ్చి తగిలిస్తారు. ఆరు పిన్నుల ప్లగ్గు మరో 75 వాట్లు, ఎనిమిది పిన్నుల ప్లగ్గు 150 వాట్లు అందించేలా ప్రమాణాలు ఏర్పడ్డాయి. చాలాకాలం ఇవి సరిపోయాయి. కానీ 2022 అక్టోబరులో ఎన్‌విడియా సంస్థ విడుదల చేసిన ఆర్.టి.ఎక్స్. 4090 కార్డుకు 450 వాట్లు కావలసి వచ్చాయి. 2025 జనవరిలో వచ్చిన 5090 కార్డుకు 575 వాట్లు కావాలి. పాత పద్ధతిలో అయితే ఒక్క కార్డుకు మూడు నాలుగు ప్లగ్గులు తగిలించాలి. కార్డు అంచున అంత చోటు ఉండదు. తీగల చిక్కు వేరు.

ఈ ఇబ్బంది తీర్చడానికి వచ్చినదే పదహారు పిన్నుల కొత్త ప్లగ్గు. దాని సాంకేతిక నామం 12వి.హెచ్.పి.డబ్ల్యు.ఆర్. పన్నెండు వోల్టుల వద్ద అధిక సామర్థ్యం అందించేది అని దాని భావం. సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పు గల ఈ ఒక్క ప్లగ్గు 600 వాట్ల వరకు మోయగలదు. పిట్ట కొంచెం, కూత ఘనం. దీనిలో పన్నెండు పెద్ద పిన్నులు ఉంటాయి. ఆరు పిన్నుల గుండా విద్యుత్తు కార్డులోకి వస్తుంది, మిగిలిన ఆరింటి గుండా తిరిగి వెళుతుంది. మరో నాలుగు చిన్న పిన్నులు సంకేతాల కోసం. పవర్ సప్లై ఎన్ని వాట్లు ఇవ్వగలదో కార్డుకు తెలియజేయడం వాటి ముఖ్యమైన పని.

600 వాట్లు అనగానే అదేమంత పెద్ద సంఖ్య అనిపించదు. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు తీసుకుంటుంది కదా! అయితే ఇక్కడ చూడవలసినది వాట్లను కాదు, ఆంపియర్లను. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. కనుక 1000 వాట్ల ఇస్త్రీపెట్టె తీగలో ప్రవహించేది దాదాపు 4.3 ఆంపియర్లు. కంప్యూటరులో కార్డుకు అందేది 12 వోల్టులే. కనుక 600 వాట్లకు 50 ఆంపియర్లు కావాలి. అంటే ఇస్త్రీపెట్టె కంటే తక్కువ సామర్థ్యం గల కార్డు, దానికి పదకొండు రెట్లకు పైగా విద్యుత్ ప్రవాహాన్ని కోరుతుంది.

ప్రవాహం పెరిగితే వేడి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో ఇంగ్లాండుకు చెందిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1841లో ప్రకటించాడు. ప్రవాహం రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు అవుతుంది, మూడింతలయితే తొమ్మిది రెట్లు అవుతుంది. వేడి నిరోధంపై కూడా ఆధారపడుతుంది. ప్లగ్గులో ఈ నిరోధం ఎక్కువగా ఉండేది రెండు లోహాలు తాకే చోట. పిన్ను ఉపరితలం కంటికి నున్నగా కనిపించినా, సూక్ష్మదర్శినిలో చూస్తే అది మిట్టపల్లాలతో నిండి ఉంటుంది. రెండు లోహాలను ఒకదానికొకటి ఆనించినప్పుడు మిట్టలు మాత్రమే తాకుతాయి. విద్యుత్తంతా ఆ కొద్ది బిందువుల గుండానే పోవాలి. ప్లగ్గు లోపలి స్ప్రింగు లోహాలను గట్టిగా నొక్కి ఉంచితే తాకే బిందువులు పెరుగుతాయి. పట్టు సడలితే తగ్గుతాయి. అప్పుడు నిరోధం పెరుగుతుంది.

కొత్త ప్లగ్గులో 50 ఆంపియర్లను ఆరు పిన్నులు పంచుకోవాలి. ఒక్కొక్కదాని వాటా 8.3 ఆంపియర్లు. ఒక్కొక్క పిన్ను సుమారు 9.5 ఆంపియర్ల వరకు మోయగలదు. పంపకం సమంగా ఉన్నంతకాలం చిక్కు లేదు. కానీ ఎల్లప్పుడూ సమంగా ఉంటుందా?

ఆరుగురు బోయీలు మోసే పల్లకిని ఊహించుకుంటే సంగతి తేలికగా అర్థమవుతుంది. ఆరుగురూ భుజం కలిపినంతసేపు ఎవరికీ కష్టం ఉండదు. వారిలో ఒకరు భుజం కొంచెం దించితే ఆ బరువు మాయం కాదు, మిగిలిన ఐదుగురి మీద పడుతుంది. పల్లకిలో కూర్చున్నవారికి ఈ సంగతి తెలియదు. పల్లకి ఎప్పటిలాగే సాగుతూనే ఉంటుంది. ప్లగ్గులోనూ ఇంతే. ఒక పిన్ను సరిగా తాకకపోతే విద్యుత్తు నిరోధం తక్కువగా ఉన్న దారులను వెతుక్కుంటుంది. 50 ఆంపియర్లు ఐదు పిన్నులకు చేరితే ఒక్కొక్కదాని వాటా 10 ఆంపియర్లు. అంటే ఒక్క పిన్ను తప్పుకుంటే చాలు, మిగిలినవన్నీ పరిమితి దాటిపోతాయి.

ఇదే లెక్కను పాత ఎనిమిది పిన్నుల ప్లగ్గుకు వేసి చూడవచ్చు. అక్కడ 150 వాట్లు, అంటే 12.5 ఆంపియర్లు. వాటిని మూడు పిన్నులు పంచుకుంటాయి. ఒక్కొక్కదాని వాటా 4.2 ఆంపియర్లు. ఒక పిన్ను తప్పుకున్నా మిగిలిన రెండింటి మీద పడేది 6.25 ఆంపియర్లే. నాణ్యమైన పిన్ను 8 ఆంపియర్ల వరకు తట్టుకోగలదు. కనుక ప్రమాదం లేదు. పాత ప్లగ్గు తన బలంలో సగమే వాడుకునేది. మిగిలిన సగం ఆపదకు దాచిన ధాన్యం వంటిది. కొత్త ప్లగ్గులో ఆ గాదె దాదాపు ఖాళీ. పైగా పాత ప్లగ్గులో పిన్నుల మధ్య దూరం 4.2 మిల్లీమీటర్లు, కొత్తదానిలో 3 మిల్లీమీటర్లే. ఎక్కువ బరువును చిన్న భుజాల మీద పెట్టినట్లయింది.

దాని ఫలితం త్వరలోనే కనిపించింది. 4090 కార్డు అంగళ్ళలోకి వచ్చిన నెలలోనే కొందరి కంప్యూటర్లలో ప్లగ్గులు కరిగిపోయాయి. ప్లాస్టిక్ మాడి కార్డుకు అంటుకుపోయింది. అమెరికాలో ఆ కార్డు తొలి ధర 1599 డాలర్లు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద సుమారు 50 ఘటనలు తమ దృష్టికి వచ్చాయని, వాటిలో ఎక్కువగా కనిపించిన లోపం ప్లగ్గును పూర్తిగా నొక్కకపోవడమేనని 2022 నవంబరులో ఎన్‌విడియా తెలిపింది. 2024 ఫిబ్రవరిలో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్, ఈ ప్లగ్గును పక్కకు మళ్ళించే అడాప్టర్లు సుమారు 25,300 వెనక్కి తీసుకుంటున్నట్లు ప్రకటించింది. వాటి మీద 272 ఫిర్యాదులు వచ్చాయి. ఎవరికీ గాయాలు కాలేదు గాని ఆస్తినష్టం జరిగింది.

తప్పు వాడినవారిదా, తయారుచేసినవారిదా అని అప్పట్లో చాలా వాదన జరిగింది. అయితే పూర్తిగా నొక్కని ప్లగ్గుతో కార్డు పనిచేయకుండా ఉంటే ఆ వాదనకు తావే ఉండదు కదా! 2023లో ప్రమాణాన్ని సవరించినప్పుడు నిపుణులు ఇదే ఆలోచించారు. విద్యుత్తును మోసే పిన్నులను 0.25 మిల్లీమీటర్లు పొడవు చేశారు. సంకేతాల పిన్నులను 1.5 మిల్లీమీటర్లు పొట్టి చేశారు. ఇప్పుడు ప్లగ్గు కొంచెం వెనక్కి జారినా ముందుగా విడిపోయేది సంకేతాల పిన్నే. పాత ప్రమాణంలో సంకేతం లేకపోయినా కార్డు 150 వాట్లు తీసుకోవచ్చు. కొత్త ప్రమాణంలో సంకేతం లేకపోతే అసలు తీసుకోకూడదు. కొన్ని మిల్లీమీటర్ల మార్పే గాని దాని వెనుక ఉన్న ఆలోచన గొప్పది.

కానీ సంకేతాల పిన్ను ఒక్క సంగతే చెప్పగలదు: ప్లగ్గు లోపలికి వెళ్ళిందా, లేదా అని. ఆరు పిన్నులూ బరువును సమంగా పంచుకుంటున్నాయా అన్నది దానికి తెలియదు. 2025 ఫిబ్రవరిలో జర్మనీకి చెందిన ఒక పరీక్షకుడు 5090 కార్డు తీగలలో ప్రవాహాన్ని విడివిడిగా కొలిచాడు. ఒక తీగలో 20 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తున్నది. పవర్ సప్లై వైపు ప్లగ్గు వేడి 150 డిగ్రీల సెంటీగ్రేడు దాకా చేరింది. 8.3 ఆంపియర్లు పోవలసిన చోట 20 ఆంపియర్లు పోతే, జౌల్ నియమం ప్రకారం వేడి దాదాపు ఆరు రెట్లవుతుంది. ఆ వేడికి స్ప్రింగు పట్టు సడలుతుంది. పట్టు సడలితే నిరోధం పెరిగి ఆ చోటు ఇంకా వేడెక్కుతుంది. విచిత్రమేమంటే ఇంత జరుగుతున్నా మొత్తం ప్రవాహం 50 ఆంపియర్లు దాటదు. మొత్తాన్ని మాత్రమే చూసే రక్షణ ఏర్పాటు దీనిని పట్టుకోలేదు. లెక్క సరిగానే ఉంది, పంపకమే తప్పింది.

దీనికి విరుగుడు లేకపోలేదు. 2022 మార్చిలో వచ్చిన 3090 టి.ఐ. కార్డులో ఆరు తీగలను రెండేసి చొప్పున మూడు జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టుపై వేర్వేరుగా నిఘా ఉంచారు. తరువాత వచ్చిన 4090, 5090 కార్డులలో ఆరింటినీ ఒకటిగా కలిపివేశారు. 5090 రకాలు కొన్నింటిలో ఒక్కొక్క పిన్ను ప్రవాహాన్ని కొలిచి హెచ్చరించే ఏర్పాటు తిరిగి వచ్చింది. మరొక మార్గం వోల్టేజిని పెంచడం. 48 వోల్టుల వద్ద 600 వాట్లకు 12.5 ఆంపియర్లు చాలు. ప్రవాహం నాలుగోవంతు, వేడి పదహారోవంతు. దూరప్రాంతాలకు విద్యుత్తును లక్షల వోల్టుల వద్ద పంపడంలోని రహస్యం ఇదే. పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాలలో 48 వోల్టుల పద్ధతి ఇప్పటికే అమలులో ఉంది. ఇళ్ళలోని కంప్యూటర్ల భాగాలన్నీ 12 వోల్టులకు అలవాటుపడినవి కనుక ఆ మార్పు అంత తేలిక కాదు.

ఈలోగా వాడేవారు పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. కంప్యూటరును ఆపి, గోడ స్విచ్చి తీసివేసిన తరువాతే ప్లగ్గును ముట్టుకోవాలి. సందు ఏమాత్రం కనిపించకుండా చివరిదాకా నేరుగా నొక్కాలి. ప్లగ్గును ఆనుకొని తీగను వంచకూడదు. మూడు నాలుగు సెంటీమీటర్లు తిన్నగా పోనిచ్చి ఆ తరువాతే వంచాలి. మాటిమాటికీ ఊడదీసి తగిలించకూడదు. ఇటువంటి ప్లగ్గులను సుమారు 30 సార్లు తగిలించడానికే రూపొందిస్తారు. మాడు వాసన వస్తే వెంటనే కంప్యూటరును ఆపివేయాలి.

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని పెద్దలంటారు. వంతెన కట్టేవారు దానిపై నడిచే బండ్ల బరువుకంటే ఎక్కువ బరువును తట్టుకునేలా కడతారు. ఆ అదనపు బలం వృథా ఖర్చుగా కనిపించవచ్చు. ఎవరో ఒకరు తొందరలో ప్లగ్గును సగమే నొక్కిన రోజున, ఒక పిన్ను పట్టు సడలిన రోజున దాని విలువ తెలుస్తుంది. మనిషి పొరపాటు చేయడని నమ్మి తయారుచేసిన వస్తువు కంటే, పొరపాటు చేసినా కాపాడే వస్తువే మేలైనది.

పదాలు – అర్థాలు
అతుకు = రెండింటిని కలిపిన చోటు
గాడి = సన్నని పొడవైన పల్లం; కార్డును అమర్చే చోటు
నిరోధం = ప్రవాహాన్ని అడ్డగించే గుణం
బోయీలు = పల్లకిని మోసేవారు
గాదె = ధాన్యం నిలవచేసే చోటు
నిఘా = కనిపెట్టి ఉండడం
విరుగుడు = హానిని పోగొట్టేది

ప్రశ్నలు
1. ఇస్త్రీపెట్టె కంటే తక్కువ వాట్లు తీసుకునే గ్రాఫిక్స్ కార్డుకు ఎక్కువ ఆంపియర్లు ఎందుకు కావాలి?
2. పల్లకి పోలికను ప్లగ్గుకు అన్వయించి సొంత మాటల్లో రాయండి.
3. పాత ప్లగ్గులో ఒక పిన్ను తప్పుకున్నా ప్రమాదం లేదు. కొత్త ప్లగ్గులో ఉంది. లెక్కతో నిరూపించండి.
4. 2023లో చేసిన సవరణ ఏ లోపాన్ని సరిదిద్దింది? ఏ లోపాన్ని సరిదిద్దలేకపోయింది?

భాషాభ్యాసం
1. 'పిట్ట కొంచెం, కూత ఘనం', 'చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలి' అనే సామెతలు ఏ సందర్భాలలో వాడతారో రాయండి.
2. విడదీసి సంధి పేరు రాయండి: వేడెక్కు, ఏమంటే.