ఒక్క వికెట్... కోట్ల కబుర్లు

2023 నవంబరు 19, అహ్మదాబాద్. ప్రపంచకప్ ఫైనల్లో కమిన్స్ వేసిన బంతి కోహ్లీ బ్యాటుకు తగిలి వికెట్ల మీద పడింది. 90 వేల మందికి పైగా ఉన్న స్టేడియం మూగబోయింది. ఇలాంటప్పుడు మన వీధుల్లో ఓ తమాషా జరుగుతుంది. టీవీ పెట్టుకున్న పక్కింట్లోంచి ముందుగా ‘అయ్యయ్యో’ వినిపిస్తుంది. ఆ వెనకే జేబులో ఫోను టింగుమంటుంది: కోహ్లీ 54కి అవుట్. అదే మ్యాచ్‌ని ఫోన్లో చూస్తున్న కుర్రాడికి మాత్రం కోహ్లీ ఇంకా క్రీజులోనే ఉంటాడు.

వీడియో కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. మధ్యలో ఆగకుండా ఆడాలని ఫోను కొన్ని ముక్కల్ని ముందే దాచుకుని, ఆ తర్వాతే బొమ్మ చూపిస్తుంది. స్కోరుకు ఆ బెడద లేదు. నాలుగు మాటలు, ఎటునుంచైనా దూరిపోతాయి. కష్టం కబురు పరిమాణంలో లేదు, అందుకునేవాళ్ల లెక్కలో ఉంది.

ఆ రోజు హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో మ్యాచ్ చూసినవాళ్లు 5.9 కోట్ల మంది. వినేవాళ్లు పదిమందైనా పది లక్షలైనా రేడియో స్టేషన్ ఖర్చు ఒకటే. ఇంటర్నెట్‌కి ఆ సుఖం లేదు. ఇక్కడ ఊరికి చాటింపు వేస్తే సరిపోదు, పెళ్లి పిలుపులా ఒక్కో గడపా ఎక్కి బొట్టు పెట్టాల్సిందే. కోటి మందికి ఒక కబురంటే సర్వర్లకు అది అచ్చంగా కోటి కబుర్లు.

చాటింపు పద్ధతి ఎవరికీ తట్టలేదనుకోవద్దు. స్టీవ్ డీరింగ్ 1980ల్లోనే మల్టీకాస్ట్‌ని రూపొందించారు. సర్వర్ ఒక్కసారి పంపితే చాలు, దారిలోని రూటర్లే నకళ్లు తీసి పంచుతాయి. ఒకే కంపెనీ నెట్‌వర్క్ లోపల ఇది ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. వేల కంపెనీల నెట్‌వర్కులు కలిసిన బహిరంగ ఇంటర్నెట్‌లో మాత్రం పాతుకోలేదు. ఎవరి డేటాకి ఎవరు నకళ్లు తీయాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి?

అసలైన చాటింపు వినాలంటే సెల్ టవర్ దగ్గరికి వెళ్లాలి. 2023లో ప్రభుత్వం పరీక్ష కోసం పంపిన ఎమర్జెన్సీ అలర్ట్‌కి ఫోన్లు ఒక్కసారిగా కూతపెట్టి జనాన్ని హడలగొట్టాయి గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. టవర్‌కి ఎవరి నంబరుతోనూ పనిలేదు, పరిధిలో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి. తుపాను వేళ కాల్స్ కలవనంత రద్దీ ఉన్నా అది వెళ్లగలదు. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న జవాబు మాత్రం వెనక్కి రాదు.

విచిత్రమేమిటంటే, క్రికెట్ స్కోర్ల విషయంలో ఇంటర్నెట్ ముందు సరిగ్గానే అడుగేసి, తర్వాత వెనక్కి నడిచింది. 1993లో క్రిక్‌ఇన్ఫో మొదలైంది వెబ్‌సైటుగా కాదు, ఐఆర్‌సీ అనే చాట్ వ్యవస్థలో స్కోర్లు చెప్పే బాట్‌గా. ఫిన్లాండ్‌కి చెందిన యార్కో ఓయికారినెన్ 1988లో రాసిన ఐఆర్‌సీలో సర్వర్లు చెట్టు కొమ్మల్లా అల్లుకుని ఉంటాయి. కబురు ఒక సర్వర్ నుంచి పక్క సర్వర్‌కి ఒక్కసారే వెళ్తుంది, అక్కడినుంచి దాని కింద ఉన్నవాళ్లకి చీలుతుంది. నేటి భారీ వ్యవస్థల ఎత్తుగడా దాదాపు ఇదే.

తర్వాత అందరూ వెబ్‌లోకి వచ్చిపడ్డారు. వెబ్‌లో బ్రౌజర్ అడిగితేనే సర్వర్ పలుకుతుంది, తనంతట తాను నోరు విప్పదు. దాంతో స్కోరు పేజీని పదేపదే రీఫ్రెష్ చేసే రోజులొచ్చాయి. ‘ఏమైనా ఉందా?’ ‘లేదు.’ ‘ఇప్పుడు?’ ‘లేదు.’ సర్వర్ శక్తిలో సింహభాగం ఆ ‘లేదు’కే పోయేది. అడిగిన ప్రశ్నని పట్టుకుని, కబురు వచ్చేదాకా జవాబు ఆపే లాంగ్ పోలింగ్ కొంత కాలం నెట్టుకొచ్చింది. 2011 డిసెంబరులో వెబ్‌సాకెట్ ప్రమాణంగా ఖరారయ్యాక రెండు వైపులా మాట్లాడే లైను బ్రౌజర్‌కి దక్కింది. స్కోరు చూపించడానికి దాన్ని వాడటం నాకైతే ఆర్భాటమే అనిపిస్తుంది. కబురు సర్వర్ నుంచి ఒకవైపే రావాలంటే సర్వర్ సెంట్ ఈవెంట్స్ చాలు.

ఏ దారిలో వెళ్లినా లైను తెరిచే ఉంచాలి. ఊరికే ఉన్న లైను కూడా సర్వర్ మెమరీలో చోటు తింటుంది. ఒక్క సర్వర్ ఒకేసారి 10 వేల మందిని మోయగలదా అని 1999లో డాన్ కెగెల్ అడిగితే అదే పెద్ద సవాలైంది. 2012 కల్లా వాట్సాప్ ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టింది. అందుకు వాడిన ఎర్లాంగ్ భాష 1980ల్లో ఎరిక్సన్ కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం తయారుచేసుకున్నది. లక్షల కాల్స్‌ని తెగకుండా పట్టుకోవడం టెలిఫోన్ వాళ్లకి పాత విద్యే.

ఫోన్లో ఇంకో చిక్కు. ప్రతి యాప్ సొంత లైను తెరిచి కూర్చుంటే బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది. అందుకే గూగుల్, యాపిల్ ఫోనుకు ఒక్క లైను పట్టుకుని, యాప్‌ల కబుర్లన్నీ అందులోనే చేరవేస్తున్నాయి. మీ స్కోరు యాప్, బ్యాంకు యాప్, కూరగాయల యాప్ నోటిఫికేషన్లన్నీ ఆ ఇరుకు ద్వారం గుండానే వస్తాయి. రెండు కంపెనీల చేతిలో ఇంత ఉండటం మనం పెద్దగా పట్టించుకోని సంగతి.

ఇంజినీర్లు భయపడేది కబురు పంపే క్షణానికి కాదు, సర్వర్ ఒక్కసారి పడి లేచినప్పటి క్షణానికి. తెగిన లక్షల ఫోన్లూ అదే సెకనులో మళ్లీ తలుపు తడితే, లేచింది లేచినట్టే కూలుతుంది. కాబట్టి ఒక్కో ఫోను తోచినంత సేపు ఆగి, విఫలమైతే ఇంకా ఎక్కువసేపు ఆగి ప్రయత్నించేలా ముందే నేర్పిపెడతారు.

పోయిన కబురు మాటేమిటి? స్కోరైతే ఫర్వాలేదు. 28వ ఓవర్ మూడో బంతి అందకపోయినా నాలుగో బంతి స్కోరులో అదీ కలిసే ఉంటుంది. పాతది మళ్లీ పంపితేనే గందరగోళం. కిరాణా కొట్లో సిమ్ కార్డుతో పనిచేస్తూ, డబ్బు పడగానే ఎంతో పైకి చెప్పే సౌండ్‌బాక్స్‌కి ఈ వెసులుబాటు లేదు. చమురు పైపులైన్లపై ఉపగ్రహం ద్వారా నిఘా పెట్టడానికి 1999లో పుట్టిన ఎంక్యూటీటీ అనే పద్ధతిలో ఇందుకు మూడు స్థాయిలు పెట్టారు: పోతే పోయింది, కనీసం ఒక్కసారి చేరాలి, సరిగ్గా ఒక్కసారే చేరాలి. మూడోది అన్నిటికన్నా నిదానం, ఒక్క కబురుకి అటూ ఇటూ నాలుగు సందేశాలు నడవాలి. ఆ ఆలస్యానికి కొట్టు యజమాని విసుక్కోవచ్చు. ఒకే 500 రూపాయల్ని పెట్టె రెండుసార్లు పలికితే సాయంత్రం గల్లాపెట్టె దగ్గర లెక్క తేలనిది ఆయనకే.