వార్తల్లో పదం: స్టంటింగ్
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఎక్కడైనా అంగన్‌వాడీలో రెండేళ్లలోపు బిడ్డ పొడవును పడుకోబెట్టే కొలవాలి. వయసుకు ఉండాల్సిన దానికన్నా ఎత్తు బాగా తక్కువగా ఉంటే అదే స్టంటింగ్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది ఇలాంటివారే.

దీనికి ఒక ముఖ్య కారణం పోషకాహార లోపం. విచిత్రమేమిటంటే, ఆ లోపం తీవ్రమైనప్పుడు గ్రోత్ హార్మోన్ తగ్గదు, తరచూ పెరుగుతుంది! కానీ కాలేయం దాని మాట వినదు; ఎముకలను సాగదీసే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ పడిపోతుంది. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువవుతుంది. ఇలాంటి పిల్లలు ఆనక ఒళ్లు చేస్తే మధుమేహం ముప్పు.

హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో 1987-90లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనంగా ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు కౌమారంలో, అది అందని పొరుగూళ్ల వారికన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. అంతేనా అనకండి; వారిలో ఇన్సులిన్ నిరోధకత, ధమనుల బిరుసు కూడా తక్కువే.