తాడుకూ ముడికీ పొత్తు కుదరాలి

చెట్టెక్కే పనికి తాడు కొనేవాళ్లు దుకాణంలో మొదట అడిగే మాట, ఇది ఎంత బరువు ఆపుతుంది అని. నిజానికి ఈ పని కోసమే తయారయ్యే తాళ్లలో బలానికి లోటు లేదు. ఐరోపాలో ఎత్తుల మీద పనిచేసేవాళ్ల తాళ్లకు వర్తించే ఈఎన్ 1891 ప్రమాణం, ‘ఎ’ రకం తాడు కనీసం 22 కిలోన్యూటన్ల లాగుడుకు నిలవాలంటుంది. అంటే రెండు టన్నుల పైమాటే. అమెరికాలో చెట్ల పనివాళ్లు పాటించే జెడ్133 ప్రమాణం 24 కిలోన్యూటన్లు అడుగుతుంది. 80 కిలోల మనిషిని మోయడానికి ఇది కావలసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఇంత బలమైన తాడు మీద నుంచి మనిషి జారి నేలకు రాగలడు. తాడు తెగనక్కర్లేదు. దాని మీద ఉన్న ముడో, ఇనప పరికరమో దాన్ని పట్టుకోకపోతే చాలు.

చెట్ల మీద పని చేసే ఆర్బరిస్టుల అమరిక చూడటానికి సులువుగానే ఉంటుంది. తాడును పైనున్న గట్టి కొమ్మ మీదుగా వేస్తారు. ఒక కొసను నడుముకున్న హార్నెస్‌కు తగిలిస్తారు. కొమ్మకు అవతలి పక్కన దిగిన పాయ చుట్టూ ఓ పొట్టి, సన్నటి తాడు ముక్కను కొన్ని చుట్లు చుట్టి ముడి వేసి, దాన్ని కూడా హార్నెస్‌కే తగిలిస్తారు. ముడిని చేత్తో తోస్తే తాడు వెంట జరుగుతుంది. వదిలి బరువు మోపితే కరుచుకుని ఆగుతుంది. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచురించిన ముడి ఈ జాతిలో బాగా పేరున్నది. ఆర్బరిస్టులు ఎక్కువగా వాడే బ్లేక్స్ హిచ్‌ను హైంజ్ ప్రోహస్కా 1981లోనే ఆస్ట్రియా పర్వత గైడ్ల పత్రికలో వివరించాడు. 1994లో అమెరికాలో జేసన్ బ్లేక్ దాని గురించి రాశాక ఆ పేరే నిలిచింది.

ఈ ముళ్ల వెనకున్న లెక్కను 18వ శతాబ్దంలో ఆయిలర్ రాశాడు, తర్వాత ఐటెల్వైన్ ఇంజినీర్లకు అందించాడు. రేవులో పడవ మనిషి గుంజకు తాడు రెండు చుట్లు తిప్పి ఒంటిచేత్తో పడవను ఆపుతాడు కదా, అదే సూత్రం. చుట్టు చుట్టుకూ పట్టు కూడికలో కాదు, హెచ్చవేతలో పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.25 ఉంటే మూడు చుట్ల తర్వాత ఇవతల ఒక కిలో లాగుడు అవతల 111 కిలోలను ఆపుతుంది. గుణకం 0.20కి దిగితే ఆ 111 కాస్తా 43 అవుతుంది. 0.15కి దిగితే 17. తాడును అరచేతిలో పెట్టుకుని చూస్తే ఈ తేడా తెలియనే తెలియదు. ముడిలో మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. అసలు ముడిలో చుట్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి, లోపలి తాడు నలిగి చదునవుతుంది, కాబట్టి ఈ సూత్రం అచ్చంగా అమరదు. అయినా నిన్న పాత తాడు మీద చక్కగా ఆగిన ముడి ఇవాళ కొత్త తాడు మీద ఎందుకు జారిందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

కొత్త తాడు నున్నగా ఉండటానికి కారణముంది. పోగులు వడికేటప్పుడు మిల్లులో పూసిన నూనె లాంటి పూత ఇంకా దాని మీదే ఉంటుంది. అందుకే వాడబోయే ముందు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టమని చాలామంది తయారీదారులు చెబుతారు. పైగా మొదటి తడికి నైలాన్ తాడు పొడవు కుదించుకుని కాస్త లావెక్కుతుంది. నెలలు గడిచేకొద్దీ పైపోగులు నూగులేస్తాయి, బెరడు దుమ్ము, జిగురు అంటుకుంటాయి, తాడు బిరుసెక్కుతుంది. మొదట్లో సరిగా కరవని ముడి ఇప్పుడు కరిచిందంటే వదలదు. నైలాన్ నీళ్లు పీల్చుకుని తడిలో కొంత బలం కూడా కోల్పోతుంది. పాలిస్టర్ అంతగా పీల్చదు. అంటే తాడుకూ ముడికీ ఉన్న పొత్తు కొన్ననాడు ఒకలా, వానలో ఒకలా, ఏడాది తర్వాత ఒకలా ఉంటుంది.

చుట్టే తాడు అసలు తాడు కంటే సన్నగా ఉండాలి. సాధారణంగా 60 నుంచి 80 శాతం మందం అంటారు. 13 మి.మీ. తాడు మీద 10 మి.మీ. ముక్క బాగా పనిచేస్తుంది. అదే ముక్కను 11 మి.మీ. తాడు మీద చుడితే చుట్లు గట్టిగా కూర్చోవు, ముడి నెమ్మదిగా పాకుతుంది.

ముడికి బదులు లోహపు పరికరాలు వచ్చాక ఈ మందాల గొడవ ఇంకా ముదిరింది. ఒక పరికరం మీద 11.5 నుంచి 13 మి.మీ. అని చెక్కి ఉంటే, దాని లోపలి దారి ఆ మందానికే మలిచి ఉంటుంది. అంతకన్నా సన్నటి తాడు లోపల వంకర తిరగకుండా సాగిపోతుంది, లావుది ఇరుక్కుంటుంది. అమెరికాలో చెట్ల తాడంటే అలవాటుగా అరంగుళం, అంటే 12.7 మి.మీ. ఐరోపాలో 11 మి.మీ. తాళ్లకు గిరాకీ. ఒక ఖండపు తాడు, ఇంకో ఖండపు పరికరం ఒకే సంచిలో పడినప్పుడు చిక్కు మొదలవుతుంది. చీటీ మీద అచ్చయిన మందాన్ని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. ఐరోపా ప్రమాణంలో తాడుకు 10 కిలోల బరువు వేలాడదీసి ఆ మందం కొలుస్తారు. వాడిన తాడు అంతే మందంలో ఉండదు. పైగా మందం సరిపోయినా అల్లిక సరిపోకపోవచ్చు. పదహారు పేటల అల్లిక గరుకుగా, గట్లు గట్లుగా ఉంటుంది. నలభై ఎనిమిది పేటలది నునుపు. ఒకే మందమున్న ఈ రెండింటినీ ఒకే పరికరం ఒకేలా పట్టుకోదు.

అల్లికలో ఇంకో సంగతి దాగుంది. జర్మనీ సంస్థ ఎడెల్‌రిడ్ 1953లో తెచ్చిన కెర్న్‌మాంటిల్ రకంలో బరువు మోసేది ముఖ్యంగా లోపలి పోగుల కట్ట. పైతొడుగు దానికి కాపలా. ఆర్బరిస్టుల పదహారు పేటల తాడులో బరువు మోసేది ముఖ్యంగా పైఅల్లికే. పళ్లున్న క్యామ్‌తో తాడును కరిచే ఎక్కుడు పరికరాలు మెల్లగా బరువు మోపినంతసేపు బాగుంటాయి. ఒక్కసారి జారి పడ్డ ఊపు తగిలితే, సుమారు 4 నుంచి 6 కిలోన్యూటన్ల దగ్గరే ఆ పళ్లు పైతొడుగును చీల్చేయగలవు. చీటీ మీద 22 అని అచ్చయి ఉన్నా ఆ క్షణంలో అది అక్కరకు రాదు.

వేడి సంగతి చాలామంది తలచుకోరు, నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది మాత్రం అదే. 80 కిలోల మనిషి 30 మీటర్లు దిగితే దాదాపు 23,500 జౌళ్ల శక్తి ఎటో పోవాలి. అదంతా రాపిడిలో వేడిగా మారుతుంది. 300 గ్రాముల అల్యూమినియం పరికరం ఆ వేడిని ఒంటరిగా మింగితే దాని ఉష్ణోగ్రత 80 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. కాలిఫోర్నియాలో 2006లో గుర్తించిన హైపీరియన్ అనే రెడ్‌వుడ్ చెట్టు 115 మీటర్ల పైచిలుకు. అంతటి చెట్ల నుంచి గబగబా దిగేవాళ్ల సంగతి ఊహించండి. వేడిని తాడు, గాలి పంచుకుంటాయి కాబట్టి మామూలుగా అంత దూరం రాదు. కానీ డైనీమా రకం పోగులు 145 డిగ్రీల దగ్గరే కరుగుతాయి, పాలీప్రొపిలీన్ 165 దగ్గర, నైలాన్ 6 రకం 220 దగ్గర, పాలిస్టర్ 255 దగ్గర. వేగంగా దిగి ఠక్కున ఆగినప్పుడు కాలిన పరికరం తాడులో ఒక్కచోటే ఆనుకుని ఉంటుంది. ఆ చోట పోగులు కరిగి గాజులా మెరుస్తాయి, గోటితో గీస్తే బిరుసుగా తగులుతుంది. అలా మెరిసిన ముడి తాడు మళ్లీ సరిగా పట్టదు. ముడి వేసే తాళ్లకు తొడుగుగా అరామిడ్ పోగులు వాడేది ఇందుకే, అవి కరగవు. అయితే పదే పదే వంచితే త్వరగా విరుగుతాయి, ఎండకు చెడతాయి.

ఇంతవరకు చెప్పుకున్నది కొమ్మకు రెండు వైపులా తాడు దిగే రెండు పాయల అమరిక. తాడును కదలకుండా కట్టి ఒక్క పాయ మీదే ఎక్కే ఒంటిపాయ పద్ధతి ప్రకృతి శాస్త్రవేత్తలకు కొత్త లోకాన్ని తెరిచింది. కోస్టారికా వర్షారణ్యాల్లో గుహల తాళ్ల పద్ధతులను చెట్ల పైకప్పుకు తెచ్చిన డోనాల్డ్ పెర్రీ ఆ విధానాన్ని 1978లో బయోట్రోపికా పత్రికలో వివరించాడు. రెండు పాయల అమరికలో ముడి మీద పడేది మనిషి బరువులో సగమే. ఒంటిపాయ మీద మొత్తం బరువూ పడుతుంది. రెండు పాయల మీద చక్కగా నడిచిన అదే ముడి ఒంటిపాయ మీద బిగుసుకుని దిగనివ్వదు. అందుకే ముడికి పైన కొంత బరువు పంచుకునే రోప్ రెంచ్ అనే పరికరాన్ని కెవిన్ బింగమ్ రూపొందించాడు.

మన గీత కార్మికుల మోకు సంగతీ ఈ లెక్కలోదే. తాటిబోదె చుట్టూ, నడుము వెనగ్గా తిరిగిన మోకుకు మనిషి వెనక్కి వాలిన బరువే బిగువు. బోదె గరుకే పట్టు. వానకు బోదె తడిస్తే ఆ పట్టు పడిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎంతో ముందే రావలసిన పని అది. కిట్‌లోని తాడు, క్లిప్పు, పట్టీ ఒకదానికొకటి సరిపోయేలా కూర్చినవి. తాటిబోదె మీద రోజూ ఒరిసే తాడే వాటిలో ముందుగా అరుగుతుంది. అప్పుడు ఊళ్లో దొరికే తాడు కొనుక్కుంటే మిగతా పరికరాలు దానితో ఎలా ప్రవర్తిస్తాయో ఎవరూ చెప్పలేరు.

అందుకే కిట్ మీదే, చెరగని తెలుగు అక్షరాల్లో, ఎంత మందం, ఏ పోగు, ఏ అల్లిక తాడు వేయాలో రాసి ఉండాలి. మార్చిన తాడు మీద ముందు నేలకు జానెడు ఎత్తులో పూర్తి బరువుతో వేలాడి చూడాలి. పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, తడిపి ఇంకోసారి.